నమూనా గ్రామానికి కోడలు కావలెను

హూలూగౌ గ్రామ ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, ఇక మీదట ప్రతి జంటా ముగ్గురేసి పిల్లలను కనవచ్చునని ప్రభుత్వం వారు దయతో అనుమతించారు. అనుమతించారంటే కనమన్నారని అర్థం. మీబోటి తెలిసినవారికి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

ప్రకటనను గ్రామ మైకులో చదివినది హావో జిన్‌మెయ్. ఆ ఊరి కుటుంబ నియంత్రణ అధికారిణి, ఊరివారి నోట డైరెక్టరమ్మ. ముప్పై ఏళ్లకు పైగా అదే మైకులో, అదే గొంతుతో, ఒక్కరు చాలు, రెండో కాన్పు మాటెత్తితే ఇంటి పైకప్పు లేచిపోతుంది అని చదివిన మనిషి. ఇప్పుడు ప్రభుత్వానికి ఆవిడ అనుభవం మళ్లీ అక్కరకొచ్చింది. ఎవరి ఇంట్లో ఎవరు ఎప్పుడు ఏం చేస్తారో తెలిసిన మనిషి ఆపడానికి ఎంత పనికొస్తుందో, ఎగదోయడానికీ అంతే పనికొస్తుందని పైవారు భావించారు.

ఊరివారు ప్రకటనను శ్రద్ధగా విన్నారు. విన్నవారిలో అరవై దాటనివాళ్లు తక్కువ. పళ్లు లేని ఒక తాత, "మాక్కూడా వర్తిస్తుందంటావా డైరెక్టరమ్మా?" అని అడిగి, తన ప్రశ్నకు తనే సిగ్గుపడ్డాడు.

హూలూగౌ సామాన్యమైన ఊరు కాదు. వరుసగా పద్దెనిమిదేళ్లు అదనపు కాన్పు ఒక్కటి కూడా లేకుండా జిల్లా ఎర్ర జెండా అందుకున్న నమూనా గ్రామం. ఆ ఘనత ఫలితాలు ఇప్పుడు ఎటు చూసినా కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. పిల్లలు లేక బడి మూతపడితే ఆ గదుల్లోనే వృద్ధాశ్రమం తెరిచారు. బెంచీలు మార్చడానికి నిధులు రాలేదు గనుక తాతలు ఒకటో తరగతి బెంచీల మీద మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని మొక్కజొన్న గంజి తాగుతారు. గోడ మీద పెద్ద అక్షరాలు అలాగే ఉన్నాయి గనుక తీరిక దొరికినప్పుడు చదువు కూడా నేర్చుకుంటారు. బడి ఉన్న చివరి రోజుల్లో చదువుకున్న పిల్లలకు అన్న, చెల్లి, బాబాయి, మేనత్త లాంటి మాటలు నోరు తిరిగేవి కావు. వాటిని పంతులుగారు ఏనుగుకూ ఒంటెకూ చూపించినట్టే బొమ్మలు చూపించి నేర్పేవారు.

పెళ్లికూతురు పుట్టింటి గడప దాటేటప్పుడు పాదం నేల తాకకూడదు. అన్నో తమ్ముడో వీపున మోసుకెళ్లాలి. అది ఆ ప్రాంతపు ఆచారం. అన్నదమ్ములు లేని ఊరు కాబట్టి టౌను నుంచి ఒక ట్రాక్టరు డ్రైవరును అన్నగా అద్దెకు పిలిచేవారు. నడుం గట్టివాడు, మనసు మెత్తనివాడు. ఎందరో ఆడపిల్లలను సొంత చెల్లెళ్లలా మోసి, ప్రతి గడప దగ్గరా హెచ్చుతగ్గులు లేకుండా సమానంగా ఏడ్చాడు. ఈమధ్య పాపం ఆయనకూ పని లేదు. మోయడానికి పెళ్లికూతుళ్లు లేరు.

ఎందుకు లేరంటే, ఒక్కరే అన్నప్పుడు ఆ ఒక్కరు మగపిల్లాడే కావాలని ప్రతి ఇల్లూ సొంతంగా నిర్ణయించుకుంది. ఈ విషయంలో ప్రభుత్వం ఎవరినీ బలవంతపెట్టలేదు. ఇది ప్రజలు స్వచ్ఛందంగా అందించిన సహకారం. మరి కడుపున పడ్డ ఆడపిల్లలు ఏమయ్యారని అడగడం ఆ రోజుల్లో మర్యాద కాదు. ఇప్పుడూ కాదు. ప్రస్తుతం ఊరి నిండా ముప్పై దాటిన పెళ్లికాని కొడుకులు. సాయంత్రమైతే కిరాణా కొట్టు ముందు చేరి వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఒకరి బట్టతలను ఒకరు పరామర్శించుకుంటారు.

జిన్‌మెయ్ ఒకరికి చెప్పే ముందు తను చేసి చూపించే రకం. కొడుకు పుట్టగానే వాడికి షావ్‌షెంగ్ అని పేరు పెట్టింది. "తక్కువ కనండి" అని దానర్థం. కొడుకును కేకేసి పిలిచినప్పుడల్లా ఊరికి ప్రచారం కూడా జరిగిపోయేది. తర్వాత రెండోసారి కడుపు వచ్చినప్పుడు, ఎవరూ వచ్చి తలుపు కొట్టకముందే, ఏడో నెలలో తన కాళ్ల మీద తాను నడిచి ఆసుపత్రికి వెళ్లి వచ్చింది. ఆడపిల్ల అని నర్సు చెప్పింది. అడక్కుండానే చెప్పింది. జిల్లావారు ఆవిడను ఆదర్శ మహిళగా ప్రకటించి ఒక ఫ్లాస్కు, ఒక ఎనామిల్ బేసిను బహూకరించారు. చాలా నాణ్యమైన ఫ్లాస్కు. అందులో నీళ్లు పోసే ధైర్యం మాత్రం ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరికీ రాలేదు.

కొత్త విధానంతో పాటే కొత్త ఉత్తర్వు కూడా వచ్చింది. గ్రామ అధికారులు ముందుగా తమ ఇళ్లలో ఆదర్శం చూపాలి. ఏడాది తిరిగేసరికి అధికారిణి ఇంట్లో ఉయ్యాల ఊగకపోతే ఆవిడ కుర్చీ ఊగుతుంది. నిజం చెప్పాలంటే జిన్‌మెయ్‌కు కుర్చీ బెంగ లేదు. బెంగంతా షావ్‌షెంగ్ మీదే. ముప్పై అయిదేళ్లవాడు. బ్యాటరీ బండ్లు బాగుచేసే షెడ్డు ఉంది. నోట్లో నాలుక లేని మనిషి. సాయంత్రం ఇంటికి రాగానే చేతులు కడుక్కుని, పిండి పిసికి, నూడుల్స్ లాగి, తల్లికీ తండ్రికీ చెరో గిన్నె పెట్టి, తను పొయ్యి దగ్గర నిలబడి తింటాడు. ఆ నిలబడి తినడం చూసినప్పుడల్లా ఆవిడకు ఒకటే ఆలోచన. మేమిద్దరం పోతే వీడికి జ్వరమొచ్చినప్పుడు ఇంత గంజి కాచి పోసే దిక్కెవరు? ఈ ప్రశ్నకు ముప్పై ఏళ్లలో తను చదివిన ఏ ఉత్తర్వులోనూ జవాబు లేదు.

సిగ్గు విడిచి పెళ్లిళ్ల పేరమ్మకు ఫోను చేసింది.

"ఆడపిల్లా? మీ ఊరికా?" పేరమ్మ పడీ పడీ నవ్వింది. "నన్నడుగుతావేంటి వదినా, ఒక్కత్తె కూడా ఊళ్లోకి జొరబడకుండా కాపలా కాసింది నువ్వేగా!"

"ఎగతాళి చాల్లే. ఎక్కడైనా ఉందా లేదా చెప్పు. కాలు కుంటైనా, కన్ను మెల్లైనా ఫర్వాలేదు."

"కాలూ కన్నూ లక్షణంగా ఉన్న పిల్లే ఉంది. మీ ఊళ్లోనే."

"మా ఊళ్లో పెళ్లీడు పిల్ల ఎక్కడుందే? నాకు తెలియకుండా ఎలా వస్తుంది?"

"నీకు తెలియకుండా వచ్చింది కాబట్టే ఉంది. లో యిన్‌హువాన్ ఇంట్లో చూడు" అని పేరమ్మ ఫోను పెట్టేసింది.

యిన్‌హువాన్ పేరు జిన్‌మెయ్‌కు కొత్త కాదు. ఆ ఇంటికి ఆవిడ ఇదివరకు ఒకసారి వెళ్లింది. తొంభై ఆరులో. యిన్‌హువాన్‌కు అప్పటికే ఒక కూతురుంది, రెండోది కడుపులో ఉందని చుట్టుపక్కలవాళ్లు స్వచ్ఛందంగా సమాచారం అందించారు. జిన్‌మెయ్ మనుషులను వెంటబెట్టుకెళ్లింది. కడుపుతో ఉన్న మనిషి దొరకలేదు గనుక తలుపులు ఊడబెరికారు, పైకప్పు పెంకులు దించారు, పందిని తోలుకొచ్చారు. కొన్నాళ్లకు యిన్‌హువాన్ ఒట్టి కడుపుతో తిరిగొచ్చి "పోయింది" అంది. జిన్‌మెయ్ ఆ మాటను నమ్మింది. నమ్మడం అవసరం కూడా, ఎందుకంటే జెండా ఇచ్చే సభ ఆ వారంలోనే ఉంది.

ఇప్పుడు రెండు సీసాల జొన్న సారా, ఒక పెట్టె కేకులు పట్టుకుని ఆ గడపలో నిలబడింది.

"రా డైరెక్టరమ్మా, రా!" అంది యిన్‌హువాన్ క్యాబేజీ తరుగుతూనే. "ఆ తలుపు కాస్త చూసుకుని తొయ్యి. తొంభై ఆరులో ఎవరో పీక్కుపోయారు, అప్పట్నుంచీ సరిగ్గా కూర్చోదు."

"పాత సంగతులెందుకులే వదినా. అప్పటి విధానం అలాంటిది. నా చేతుల్లో ఏముంది?"

"ఔనౌను. మా పంది కూడా వెళ్తూ వెళ్తూ అదే అంది."

లోపలి నుంచి ఒక అమ్మాయి పొద్దుతిరుగుడు గింజలు నములుతూ వచ్చింది. బలమైన మనిషి, నవ్వు ముఖం. జిన్‌మెయ్ ఆ ముఖాన్ని చూసింది, యిన్‌హువాన్ ముఖాన్ని చూసింది. ముక్కూ గడ్డమూ అచ్చు గుద్దినట్టున్నాయి. ఇరవై ఆరేళ్లుగా ఆ పిల్ల పండక్కీ పబ్బానికీ ఈ ఊరికి వస్తూనే ఉంది. అక్క కూతురని యిన్‌హువాన్ చెప్పేది. ఊరందరికీ తెలుసు. తెలియనిది, తెలియకుండా ఉండడానికే జీతం తీసుకుంటున్న ఒక్క మనిషికి.

"పేరేంటమ్మా?"

"దువోయూ. మిగులు అని అర్థం. మా పిన్ని పెట్టింది." అమ్మాయి గింజ తొక్క ఊసింది. "మీ అబ్బాయి పేరు తక్కువ కనండి, నా పేరు మిగులు. శుభలేఖ అచ్చేస్తే చదివినవాళ్లు ఏదో ప్రభుత్వ నోటీసు అనుకుంటారు."

పిన్ని అంటే యిన్‌హువానే. కన్నతల్లే. ఈ పిలుపు వెనక ఒక ఏర్పాటు ఉంది. పుచ్చతోట కాపలా గుడిసెలో పుట్టిన ఈ పిల్లను యిన్‌హువాన్ అక్క పెంచింది. అయితే ఆ అక్కకు కూడా అప్పటికే ఒక పిల్లాడు ఉన్నాడు. అక్కడ అమ్మా అని పిలిస్తే ఆ ఊరి అధికారిణి వింటుంది, ఇక్కడ అమ్మా అని పిలిస్తే ఈ ఊరి అధికారిణి వింటుంది. అందుచేత పెంచిన మనిషి పెద్దమ్మ అయింది, కన్న మనిషి పిన్ని అయింది. ఇద్దరు తల్లులుండి కూడా అమ్మా అని పిలవడానికి ఒక్కరు లేరు. ఇద్దరి వంతూ నిండిపోయింది మరి. ఇంత క్రమశిక్షణ గల పిల్లను కన్నందుకు ప్రభుత్వం యిన్‌హువాన్‌కు ఏ బహుమతీ ఇవ్వలేదు.

దువోయూ దక్షిణాన ఒక ఫోన్ల ఫ్యాక్టరీలో పని చేసేది. సొంత గుర్తింపు కార్డు లేదు కాబట్టి యిన్‌హువాన్ పెద్ద కూతురు, అంటే తన సొంత అక్క, కార్డు వాడుకునేది. ఇప్పుడు గేటు దగ్గర ముఖం చూసే యంత్రం పెట్టారు. యంత్రానికి అక్కాచెల్లెళ్ల తేడా తెలుసు. మనుషుల్లా చూసీ చూడనట్టు ఊరుకోవడం దానికి ఇంకా నేర్పలేదు. పని పోయి పిల్ల ఇంటికొచ్చింది.

జిన్‌మెయ్ మొహమాటం పక్కన పెట్టి వచ్చిన పని చెప్పింది. ఎదురుకట్నం ఎంతైనా సరే, షెడ్డు రాసిమ్మన్నా సరే అంది.

యిన్‌హువాన్ కత్తి కింద పెట్టింది. "నీ షెడ్డు నాకెందుకు? నాకో పని చేసిపెట్టు. మండల ఆఫీసుకి రా. పెద్దవాళ్లందరి ముందు, నీ నోటితో, ఇది యిన్‌హువాన్ కన్న కూతురు అని చెప్పు. దీనికి కార్డు ఇప్పించు. ఆ తర్వాత పిల్ల ఇష్టం."

"నాకు మీ అబ్బాయి మీద మోజేం లేదండీ, దాపరికం ఎందుకు" అంది దువోయూ. "కార్డు మీద మాత్రం చచ్చేంత మోజు. అయినా మీ అబ్బాయి నా బండి బాగుచేసి, దారిలో ఆగకుండా చూసుకో అని ఒకే ఒక్క మాట అన్నాడు. అంత తక్కువ మాట్లాడేవాడితో బతకొచ్చు."

చెప్తే పద్దెనిమిదేళ్ల జెండాకు మచ్చ. తన ఆదర్శానికి మచ్చ. చెప్పకపోతే కొడుకు పొయ్యి దగ్గర నిలబడి తింటూనే ఉంటాడు. జిన్‌మెయ్ ఇంటికి వెళ్లి ఆ సాయంత్రం వాడు నూడుల్స్ తినడం చూసింది. మర్నాడు పొద్దున్నే అందరినీ తీసుకుని మండల ఆఫీసుకు బయల్దేరింది.

మండల కార్యదర్శి ఫాన్ ఆ రోజు తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఏడాది ముగుస్తోంది, హూలూగౌలో కాన్పుల సంఖ్య సున్నా. పై నుంచి ఫోన్ల మీద ఫోన్లు. జిన్‌మెయ్ ఎదురుగా నిలబడి, ఈ పిల్ల మా ఊరి యిన్‌హువాన్ కన్న రెండో కూతురు, నేను చూడాల్సింది చూడలేదు, తప్పు నాదే, ఏ శిక్ష వేసినా సరే అని చెప్పేసింది. చెప్పి కళ్లు మూసుకుంది. శిక్ష వేస్తారని ముప్పై ఏళ్ల అనుభవం చెబుతోంది.

ఫాన్ కుర్చీలోంచి లేచి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీ ఊళ్లో ఒక కాన్పు జరిగిందంటావు?"

"ఎప్పుడో జరిగిందండీ. తొంభై ఆరులో..."

"నమోదు ఎప్పుడైతే కాన్పు అప్పుడే! కామ్రేడ్స్, రండి, అందరూ రండి!" సిబ్బంది మూగారు. ఫాన్ గొంతు సవరించుకున్నాడు. "ఈ రోజు మన మండల చరిత్రలో మరపురాని రోజు. జననాలు పడిపోయాయని, యువత ముందుకు రావడం లేదని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్న ఈ తరుణంలో హూలూగౌ గ్రామం మరొకసారి దారి చూపింది. యాభై ఎనిమిదేళ్ల వయసులో, కొత్త విధానం పిలుపు అందుకుని, ఒక ఆడశిశువును దేశానికి అందించిన ఈ తల్లి ఆదర్శం అందరికీ స్ఫూర్తి కావాలి!"

చప్పట్లు మోగాయి. గుమస్తా పుట్టిన తేదీ దగ్గర ఆ రోజు తేదీ వేశాడు. బరువు రాయాల్సిన చోట ఆగి తలెత్తి చూశాడు.

"యాభై ఆరు కిలోలు రాసుకోండి బాబూ. పొద్దున గంజి తాగకుండానే" అంది దువోయూ.

ఆరోగ్యవంతమైన శిశువు అని పక్కన రాశారు. రెండు డబ్బాల పాలపొడి, ఒక కట్ట డైపర్లు, బాతుపిల్ల బొమ్మ కుట్టిన చిన్న బొంత బహూకరించారు. ఫొటో తీసేటప్పుడు శిశువును తల్లి ఒళ్లో కూర్చోబెట్టాలని ఫొటోగ్రాఫరు పట్టుబట్టాడు గాని కుర్చీ ఒప్పుకోలేదు.

కాగితం మీద తల్లి పేరు చోట తన పేరు చూసి యిన్‌హువాన్ దాన్ని వేలితో తడిమింది. అక్షరాలు ఆవిడకు సరిగా రావు, పేరు మాత్రం గుర్తుపడుతుంది.

"చూడవే, రాశారు" అంది.

దువోయూ నవ్వుదామని నోరు తెరిచింది. నవ్వు రాలేదు. "అమ్మా" అంది. అలవాటు లేని మాట కాబట్టి సగంలోనే ఆగిపోయింది. మళ్లీ అంది, "అమ్మా". యిన్‌హువాన్ కొంగులాంటిదేదీ లేక పాలపొడి డబ్బాకే ముఖం ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆనందబాష్పాలు అని గుమస్తా నమోదు చేసుకున్నాడు. జిన్‌మెయ్ గోడ వైపు తిరిగి నిలబడింది. ఆవిడకు ఆ క్షణాన ఆ పిల్ల తనను ఏమని పిలుస్తుందో వినాలని ప్రాణం కొట్టుకుంది. పెళ్లినాడు కొత్త కోడలు టీ అందించి అత్తను మొదటిసారి అమ్మా అని పిలవడం వాళ్ల ఆచారం.

పెళ్లి నమోదు గది పక్కనే. షావ్‌షెంగ్ తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాతో అక్కడే కాచుకుని ఉన్నాడు. ఆ గదిలోని ఉద్యోగిని కొత్త కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పెళ్లికూతురికి ఇరవై నిండాలి" అంది. "ఈమెకు నలభై నిమిషాలు నిండాయి."

జిన్‌మెయ్ పరుగున ఫాన్ దగ్గరికి వెళ్లింది. తేదీ మార్చమని కాళ్లా వేళ్లా పడింది. ఫాన్ చాలా ఓపికగా వివరించాడు.

"మారిస్తే ఏమవుతుందో ఆలోచించు కామ్రేడ్. ఈమె తొంభై ఆరులో పుట్టినట్టవుతుంది. అంటే మీ జెండా అబద్ధం, నీ ఆదర్శం అబద్ధం, ఈ ఏడాది నీ లెక్క మళ్లీ సున్నా. ఒక్క మనిషి వయసు కోసం మండలం మొత్తాన్ని ముసలిదాన్ని చేస్తావా? ఇరవై ఏళ్లెంతసేపు, ఇట్టే తిరిగిపోతాయి. నీ కొడుకుని ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమను."

"వాడు మనిషి కాదా అండీ?" అంది జిన్‌మెయ్. ఆ మాట ఆ ఆఫీసులో తొంభై ఆరులోనూ వినిపించింది. అప్పుడు అన్నది వేరే తల్లి. అప్పుడు ఏం జవాబు చెప్పారో జిన్‌మెయ్‌కు బాగా తెలుసు, చెప్పింది తనే కాబట్టి.

మెట్ల మీద షావ్‌షెంగ్ దువోయూకు పాలపొడి డబ్బాలు అందించాడు. "నేను ఆగుతాను. తొందరేం లేదు" అన్నాడు. అతని జీవితంలో అది పెద్ద ఉపన్యాసం.

"మీరు నూడుల్స్ బాగా చేస్తారట కదా" అంది దువోయూ. "అప్పటిదాకా పళ్లు కాపాడుకోండి." నవ్వుతూనే అంది గాని, నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి చూసింది.

కార్డు రాగానే ఆమె దక్షిణానికి వెళ్లిపోయింది. ఫ్యాక్టరీవాళ్లు ఏ అభ్యంతరమూ చెప్పలేదు. కార్డుకూ ముఖానికీ కుదిరితే యంత్రం గేటు తీస్తుంది, వయసుతో దానికి పని లేదు. పసిపిల్లను పనిలో పెట్టుకున్నారని ఎవరూ ఫిర్యాదు చేయలేదు కూడా.

వారం తిరక్కుండానే ఊరి ఆడవాళ్లు గుడ్ల బుట్టలు పట్టుకుని యిన్‌హువాన్ వాకిట్లో చేరారు. అందరూ పెళ్లికాని కొడుకుల తల్లులే. తొంభై ఆరులో స్వచ్ఛందంగా సమాచారం అందించినవారూ వారే.

"వదినా, నువ్వు తెలివైనదానివి, మాకప్పుడు బుద్ధి లేకపోయింది" అని పెద్దావిడ మొదలెట్టింది. "ఇంకా ఎవరినైనా దాచావా? భయం లేదులే, ఇప్పుడు బయటికి తియ్యి. మా వాడికి నలభై వస్తున్నాయి."

"దాచింది ఒక్కదాన్నే" అంది యిన్‌హువాన్. "మీవాళ్లను మీరెక్కడ పెట్టుకున్నారో మీకే తెలియాలి."

పెద్దావిడ తన గుడ్ల బుట్ట వెనక్కి లాక్కుంది. అయితే నొచ్చుకున్నారని మాత్రం మీరు అనుకోవద్దు. మన ఊళ్లో దొరక్కపోతే పక్క ఊళ్లలో చూద్దామని ఒకావిడ అంది, ఏ ఊళ్లలో అధికారిణులు సోమరిపోతులుగా పని చేశారో అక్కడ తప్పకుండా ఉంటారని మరొకావిడ సలహా ఇచ్చింది. మర్నాడు మొదటి బస్సుకే అందరూ బయల్దేరారు. ముందు సీటు జిన్‌మెయ్‌కు గౌరవంగా వదిలారు. అప్పట్లో ఆ సోమరుల మీద పైవారికి ఫిర్యాదులు పంపింది ఆవిడే గనుక, ఏ ఊళ్లో దిగాలో ఆవిడకే తెలుసు.